పెరట్లో పాదుకు నీళ్ళెక్కడివి?

అనంతపురం మెట్టలో పెరటి తోట గురించి రాస్తున్నామంటే నవ్వేవాళ్ళే యెక్కువ. "తాగేకే నీళ్ళు లేవు, చెట్లకు యాడ పోసేది?" అంటారు యే వూరి రచ్చబండ దగ్గర కూర్చున్నా. ఆ మాటలో అబద్ధం లేదు. 2022 యేప్రిల్ 4న అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాలుగా విడిపోయిన యీ ప్రాంతంలో సాలీనా పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ వొక వరుసన పడదు. ముంగారు మేఘం పడమటి కనుమల అవతలే బరువు దించుకుని, వట్టి గాలిగా మన మీదికి వస్తుంది. ఆషాఢమంతా దుమ్ము లేపే గాలి, సెప్టెంబరులో నాలుగు మంచి వానలు, ఆ తర్వాత హింగారు దయ.

అయినా పెరటి సాగుకు వాన వొక్కటే ఆధారం కాదు. యింట్లోంచి రోజూ బయటికి పోయే నీళ్ళెన్ని, యింటి వెనుక మిగిలిన నేల యెంత అన్నవి రెండు లెక్కలు. యివి వేసుకుంటే తోటకు దారి దొరుకుతుంది. యెవరి యింట తోట యెందుకు లేదో కూడా తెలుస్తుంది.

ముందు నీళ్ళు చూద్దాం. కేంద్ర ప్రభుత్వం 2019లో జలజీవన్ పథకం పెట్టినప్పుడు మనిషికి రోజుకు 55 లీటర్లని కొలత నిర్ణయించింది. అయిదుగురున్న కుటుంబానికి 275 లీటర్లు. కుళాయి రోజూ రాని వూళ్ళున్నాయి, వచ్చినా అరగంటలో ఆగిపోయే వీధులున్నాయి. అందుకని సగానికి కాస్త పైగా, 150 లీటర్లు మాత్రమే వాడుక నీళ్ళుగా బయటికి వస్తాయనుకుందాం. స్నానం చేసినవి, బోకులు తోమినవి, బట్టలుతికినవి, బియ్యం కడిగినవి అన్నీ కలిపి. నడివేసవిలో మన యెండకూ గాలికీ చదరపు మీటరు పచ్చని మడి రోజుకు యేడెనిమిది లీటర్లు తాగుతుంది. అంటే ఆ 150 లీటర్లతో యిరవై చదరపు మీటర్ల నేల, అనగా అర సెంటు, రోహిణి కార్తెలో కూడా బతుకుతుంది. చలికాలంలో అవే నీళ్ళు యింకా యెక్కువ జాగాకు సరిపోతాయి.

అర సెంటంటే పది మంచాలు పక్కపక్కన వేసినంత. దాంట్లో కుటుంబానికి కావలసిన కూరగాయలన్నీ పండుతాయని చెబితే అది మోసమే అవుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు కావాలి. అయిదుగురికి రెండు కిలోలు. ఆ చిన్న మడి రోజూ రెండు కిలోలు యివ్వదు. వారంలో నాలుగైదు పూటలకు కూరాకు యిస్తుంది. (మన జిల్లాలో కూరను కూరాకనే అంటారు. ఆకు లేనిదే కూర కాదని మన పెద్దల వుద్దేశం కాబోలు.) 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 యేళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తం తక్కువగా వున్నట్టు తేలింది. సంగటిలో వూరిబిండి నంజుకుని పనికి పోయే ఆడకూలీకి రోజూ గుప్పెడు ఆకు దొరకటం చిన్న విషయం కాదు. ఆకులోని యినుము వొంటికి పట్టాలంటే నిమ్మకాయో టమోటానో తోడు కావాలి గనుక నిమ్మచెట్టు వొకటి వుంటే మరీ మంచిది.

మన పెద్దవాళ్ళకు పెరటి కూరగాయల అవసరం యింతగా వుండేది కాదు. కొర్ర, జొన్న, రాగి చేలల్లోనే మధ్య సాళ్ళలో కంది, అలసంద, అనుము, గోగు కలిపి విత్తేవాళ్ళు. గట్టున గురుగాకు, చెంచలాకు, దొగ్గలాకు వానకు వాటంతటవే మొలిచేవి. కలుపు తీసిన ఆడమనిషి వొడిలో సాయంత్రానికి కూరాకు వుండేది. తర్వాత శెనక్కాయ వచ్చింది. ఉమ్మడి అనంతపురంలో వేరుశనగ యేడు లక్షల హెక్టార్లు దాటిన సంవత్సరాలున్నాయి. చేను చేనంతా వొకటే పైరయ్యాక సాళ్ళ పంటలు పోయాయి. కలుపు మందులొచ్చాక గట్టు ఆకులూ పోయాయి. కూరాకు కొనుక్కునే సరుకయింది. 2023 జూలైలో టమోటా కిలో వంద రూపాయలు దాటినప్పుడు కూలి కుటుంబాలు చింతపండు పులుసుతో గడిపాయి. అదే టమోటాను కోత కూలి కూడా గిట్టక రైతు రోడ్డు పక్కన పారబోసిన రోజులూ మనం చూశాం. రెండుసార్లూ బాగుపడింది యెవరో మండీ చిట్టాలకే తెలియాలి.

యిక సాగు సంగతి. వాడుక నీళ్ళను తిన్నగా మడిలోకి వదలరాదు. బట్టల సబ్బులో, సోడాలో వుండే లవణం నేలను గట్టిపరుస్తుంది. బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్ళను వేరే బిందెలో పట్టి ఆకుకూరలకు పోయాలి. స్నానం నీళ్ళు, బోకుల నీళ్ళు అడుగు లోతు గుంతలో గులకరాళ్ళు, యిసుక వేసి దాని గుండా పోనివ్వాలి. గుంత అంచున మెట్టతామర, చేమ, అరటి పిలక పెడితే మురికిని అవి తింటాయి. వడిసి వచ్చిన నీళ్ళు పాదులకు, పందిరి తీగలకు, పూలమొక్కలకు పనికొస్తాయి. సబ్బు యెక్కువ వాడి బట్టలుతికిన మొదటి నీళ్ళను మాత్రం వీధి కాలవకే వదిలెయ్యాలి. కొత్తిమీర వంటి పచ్చిగా తినే ఆకుకు వాడుక నీళ్ళు తగలనివ్వకూడదు. కన్నడ సరిహద్దు పల్లెల్లో స్నానాల చోటును బచ్చలి అంటారు. ఆ కాలవ పక్కన పాకే తీగకూరా బచ్చలే. పేరు యెటునుంచి యెటు వచ్చిందో పండితులు తేల్చుకోవచ్చు గాని, రెండూ పక్కపక్కనే వుండాలన్నది ఆడవాళ్ళకు యెప్పుడో తెలుసు.

గ్రామాల్లో యింకుడు గుంతలు తవ్వించారు, మంచిదే. వాడుక నీరంతా భూమిలోకి పంపటానికి పెట్టిన శ్రద్ధ, ఆ గుంత పక్కన వొక అరటి పిలక నాటించటానికి పెట్టినవారు తక్కువ. ఉపాధి హామీ పథకం దేశం మొత్తానికీ మొదలయింది మన జిల్లాలోనే, 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ పథకం కింద చేలల్లో నీటికుంటలు, కందకాలు యెన్నో తవ్వారు. కూలివాని యింటి వెనుక నాలుగు గంపల చెరువుమట్టి పోయించటం కూడా పనే అని లెక్కగట్టి వుంటే బాగుండేది.

చెరువుమట్టి అని యెందుకంటున్నామంటే, మన యెర్రనేల పలచన. నీళ్ళు నిలుపుకోదు, వాన పడి యెండితే పైన పెంకు కడుతుంది, మొలక ఆ పెంకు కింద వుక్కిరిబిక్కిరి అవుతుంది. కాబట్టి వేసవిలోనే, చెరువు యెండి వున్నప్పుడే మట్టి తెచ్చుకోవాలి. రోహిణికి రోళ్ళు పగులుతాయంటారు; ఆ యెండలోనే పాదుకు అడుగున్నర లోతు గుంతలు తీసి యెండనివ్వాలి. అడుగున యెండుటాకు, శెనక్కాయ పొట్టు, పైన చెరువుమట్టి, చివికిన పశువుల యెరువు, రెండు చేతుల వేపపిండి. మడి నేలమట్టానికి నాలుగు వేళ్ళు పల్లంగా వుండాలి. కోస్తాలో యెత్తు మడులు కడతారు, వాళ్ళకు నీళ్ళు యెక్కువై బాధ. వాళ్ళ పుస్తకం చూసి మనం యెత్తు మడి కడితే గాలికి రెండు రోజుల్లో అప్పడంలా యెండిపోతుంది.

మృగశిరలో తొలకరి పడగానే కంచె వెంట సొర, బీర, కాకర, గుమ్మడి గింజలు పెట్టాలి. మడిలో బెండ, మటిక్కాయ. (గోరుచిక్కుడును మనం మటిక్కాయ అంటాం. దీని కథ వినదగ్గది. అమెరికాలో రాతిపొరలు పగలగొట్టి చమురు తీసే కంపెనీలకు యీ గింజల జిగురు కావలసి వచ్చి 2012లో ధర ఆకాశానికి యెక్కింది. మెట్ట రైతులంతా యిదే వేయమని ప్రచారం సాగింది. కంపెనీల అవసరం తగ్గేసరికి ధర దిగిపోయింది. పెరట్లో మటిక్కాయకు ఆ బాధ లేదు.) పడమటి పక్క రెండు సాళ్ళు కందో, వరుసగా అవిశో వేస్తే ఆషాఢపు గాలి దెబ్బ తగ్గుతుంది. పందిరి యెత్తు కట్టవద్దు, గాలి పీకేస్తుంది. గుమ్మడినీ సొరనూ యింటి కప్పు మీదికి పాకించటమే మేలు.

తీగలకు పూలు నిండా పూసి పిందె పడలేదని చాలామంది తల్లులు దిగులు పడతారు. మొదట పూసేవి మగపూలే, తొందరపడకూడదు. ఆడపూవు కింద చిన్న పిందె వుంటుంది, దాన్నిబట్టి గుర్తుపట్టవచ్చు. సొర, బీర పూలు సాయంకాలం విచ్చుకుంటాయి, గుమ్మడి తెల్లవారుజామున. చుట్టుపక్కల తేనెటీగలు లేకపోతే మగపూవు తుంచి దాని పుప్పొడి ఆడపూవుకు అంటించాలి. దీనికి చదువు అక్కరలేదు, ఆ వేళకు లేస్తే చాలు.

చిక్కుడూ అనుమూ ఆరుద్రలో పెట్టాలి. మన నాటు చిక్కుడు పొద్దు తగ్గితేగాని పూయదు. సంక్రాంతి తర్వాత గింజ పెట్టి, తీగ పందిరంతా కమ్ముకున్నా కాయ లేదని తిట్టుకుంటే తప్పు తీగది కాదు. చామంతి కూడా అంతే. జూన్, జూలైల్లో పిలకలు నాటితే రాత్రులు పొడుగయ్యాక, కార్తీకం నుంచి సంక్రాంతి దాకా పూస్తుంది. చిక్కుడు పందిరి పాదు చుట్టూ చామంతి పెడితే వొకే నీళ్ళతో రెండూ వస్తాయి. కోస్తావాళ్ళు అనపకాయంటే సొరకాయ అనుకుంటారు గాని, మన అనపకాయ వేరు. చలికాలంలో ఆ గింజలు నానబెట్టి పితికి చేసే పితికిపప్పు తినని అనంతపురంవాడు వుండడు.

అసలు పరీక్ష పుష్యమి, ఆశ్లేష కార్తెల్లో వస్తుంది. వాన మొహం చాటేస్తుంది, గాలి ఆగదు. చేలో శెనక్కాయ వూడలు దిగే వేళ రైతు ఆకాశం చూస్తుంటే, పెరట్లో మొక్క యింటావిడ చేతి చెంబు వైపు చూస్తుంటుంది. అప్పటికి పనికొచ్చేది కుండ. కాల్చిన మట్టికుండ, అయిదారు లీటర్లు పట్టేది, రంగు పూయనిది, మెడ దాకా పాతి నీళ్ళు నింపి మూత పెట్టాలి. చుట్టూ జానెడు దూరంలో నాలుగు మొక్కలు. నేల యెండిన కొద్దీ కుండ గోడలోంచి తేమ వూరుతుంది, నేల తడిసి వుంటే వూరటం తగ్గుతుంది. మూడు నాలుగు రోజులకొకసారి నింపితే చాలు. యిది కొత్త సంగతి కాదు. క్రీస్తుకు పూర్వం చైనాలో ఫాన్ షెంగ్‌జీ రాసిన వ్యవసాయ గ్రంథంలోనే యీ పద్ధతి వుంది. 1970లలో హర్యానాలోని కర్నాల్‌లో వున్న ఉప్పునేలల పరిశోధన సంస్థ దీన్ని కూరగాయల మీద పరీక్షించి చూసింది. మన బోరు నీళ్ళలో సున్నం యెక్కువ గనుక రెండు మూడేళ్ళకు కుండ రంధ్రాలు పూడుకుపోతాయి, అప్పుడు కొత్తది పెట్టుకోవాలి. వూళ్ళో కుమ్మరికి యిది వొక గిరాకీ అయితే మరీ సంతోషం. మగ్గిన ఆకు, శెనక్కాయ పొట్టు పాదు మీద నాలుగు వేళ్ళ మందాన కప్పితే కుండలోని నీళ్ళు యింకో రోజు నిలుస్తాయి.

పుబ్బ, ఉత్తర కార్తెల్లో వంగ, టమోటా, మిరప నారు నాటుకోవాలి. జూలైలో నారు పోసిన బంతి దసరాకు అందుతుంది. బంతి వట్టి అలంకారానికే కాదు. దాని వేళ్ళలోని రసానికి నులిపురుగులు తగ్గుతాయి, టమోటా కాయతొలుచు పురుగు తన గుడ్లు బంతిపూల మీద యెక్కువగా పెడుతుంది. ఆ పూలు కోసి పారేస్తే కాయ దక్కుతుంది. దొడ్డి చుట్టూ వయ్యారిభామను మాత్రం పూత రాకముందే పీకెయ్యాలి. 2000 వానాకాలంలో మన జిల్లాలో లక్షల యెకరాల శెనక్కాయను పొట్టన పెట్టుకున్న కాండం కుళ్ళు వైరస్, ఆ మొక్క పుప్పొడితోనూ తామర పురుగులతోనూ పాకిందని శాస్త్రజ్ఞులు తేల్చారు. పురుగు పడితే వేపగింజల పొడి లీటరు నీళ్ళకు 50 గ్రాముల చొప్పున రాత్రంతా నానబెట్టి వడగట్టి చల్లుకోవచ్చు. చేలో కొట్టగా మిగిలిన మందు యిది కూడా అయిపోనీ అని వంకాయ మీద కొట్టే అలవాటు కొన్నిచోట్ల వుంది. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడరాదని 2005లోనే నిషేధించారు. రేపు మధ్యాహ్నం ఆ వంకాయ తినేది మన పిల్లలే.

హస్త, చిత్త వానలకు పల్లపు మడిలో నీళ్ళు నిలిస్తే గట్టు తెంపి వదిలెయ్యాలి. అక్కడినుంచి మాఘం దాకా పెరడుకు మంచి రోజులు. మెంతి, పాలకూర, చుక్కకూర, కొత్తిమీర పదిహేను రోజులకొక చారెడు జాగాలో చల్లుతూ పోతే యెప్పుడూ కోతకు వుంటుంది. కప్పు నీళ్ళ సంగతి కూడా చెప్పాలి. 340 చదరపు అడుగుల సిమెంటు కప్పు మీద యేడాదిలో పడే వాన సుమారు 17 వేల లీటర్లు. ఆవిరి, వొలుకుడు పోగా 14 వేలయినా పట్టవచ్చు. అంత తొట్టి యెవరికుంటుంది? వెయ్యి లీటర్ల తొట్టి వొకటి వున్నా పెద్ద వానకు నిండుతుంది.

వేసవికి తోటను కుదించుకోవటం తెలివి. గోగు, తోటకూర, మటిక్కాయ, నాలుగు వంగమొక్కలు చాలు. పూలలో యీ కాలం మల్లెది. చలికాలంలో నీళ్ళు ఆపి కొమ్మలు కత్తిరించిన మల్లె, మాఘంలో మళ్ళీ తడి పెడితే చైత్ర వైశాఖాల్లో విరగబూస్తుంది. కదిరి మల్లెకున్న పేరు అందరికీ తెలిసిందే. కనకాంబరం యేడాది పొడుగునా వుంటుంది. మునగ నీడలో కూడా పూస్తుంది. మూర పూలు సంతలో కొనే డబ్బు చూస్తే చిన్నదే, శ్రావణంలో వరుసగా పండగలొచ్చినప్పుడు గాని దాని బరువు తెలియదు. రెండు మొక్కలు యెక్కువుంటే పక్కింటికి అమ్మి ఆ డబ్బులు యింటావిడ తన కొంగుకు కట్టుకుంటుంది. మగవాడి చేతిలో పడని డబ్బు యిల్లాలికి యింకెక్కడ దొరుకుతుంది?

యింతవరకూ నేల వుందనుకుని రాశాం. రెండో లెక్క అక్కడే తిరగబడుతుంది. 2020 డిసెంబరులో మొదలైన పంపిణీలో పల్లె పేదకు యిచ్చిన స్థలం సెంటున్నర. అంటే 653 చదరపు అడుగులు. అందులో యిల్లు 340. మరుగుదొడ్డి, మెట్లు, నడిచే దారి తీసేస్తే మిగిలేది గోడ పక్క వొక పట్టీ. పశువుకు చోటు లేదు, పేడ లేదు, పాదు లేదు. 2024లో వచ్చిన ప్రభుత్వం పల్లెల్లో మూడు సెంట్లు యిస్తామంది. పాత కాలనీల్లో యిప్పటికే యిళ్ళు కట్టుకున్నవారి సంగతి అప్పటికీ మిగిలే వుంటుంది. వూరి నడిబొడ్డున పాత మిద్దెల వెనుక అరెకరం దొడ్లు, వూరవతల గరుసునేల మీద అగ్గిపెట్టెల వరుస. "పెరటి తోట పెంచండి, రక్తహీనత పోగొట్టండి" అని గోడ మీద రాసేవారు ముందు యీ కొలత చూడాలి. సోవియట్ యూనియన్ 1991లో కూలి దిగుమతులు ఆగిపోయినప్పుడు క్యూబా ప్రభుత్వం పట్టణాల్లోని ఖాళీ జాగాలను సాగు చేసుకునేవారికి యిచ్చింది. నేల యిచ్చాకే హవానాలో కూరగాయలు పండాయి. మన కాలనీల పక్కన పోరంబోకు, బంజరు లేని వూళ్ళు తక్కువ. పది యిళ్ళకు కలిపి పది సెంట్లు, వొక కుళాయి, కోతులూ పందులూ రాకుండా కంచె. యిది అడగటానికి పెద్ద పథకం పేరు అక్కరలేదు, గ్రామసభలో వొక తీర్మానం చాలు.

అంతవరకూ గోడ పక్క పట్టీ వున్నవాళ్ళు గోడకు బచ్చలి, చిక్కుడు పాకించుకోవచ్చు. పాత తట్టల్లో, పగిలిన కడవల్లో కొత్తిమీర, మెంతి వస్తాయి. గుమ్మం ముందు కరివేపాకు వొకటి.

శెనక్కాయ కోత అయ్యాక బెంగుళూరుకు కూలికి పోయే కుటుంబాలు యీ మాటలన్నీ చదివి, యింటికి తాళం పడ్డాక యెవరు నీళ్ళు పోస్తారని అడుగుతారు. వాళ్ళు మడి సాగు పెట్టుకోవద్దు. తాళం పడ్డా బతికే చెట్లు పెట్టుకోవాలి. మునగ, సీతాఫలం, కరివేపాకు, నిమ్మ, గన్నేరు. చిన్నప్పుడు రెండు వేసవులు నీళ్ళు పోస్తే మునగ, సీతాఫలం తర్వాత యెవరినీ అడగవు. చామంతి మొదళ్ళు నాలుగు పక్కింటి తొట్టిలో వుంచి పోతే మృగశిరకు పిలకలకు వస్తాయి. బీరకాయ గింజలు కాయలోనే యెండనిచ్చి చూరుకు వేలాడదీయాలి, చిక్కుడు గింజలు బూడిద కలిపి కుండలో పోసి మూతికి గుడ్డ కట్టాలి. మునగను నడుమెత్తున నరికి, కోసిన చోట పేడ ముద్ద పెట్టి, పాదు నిండా ఆకు కప్పి బండి యెక్కితే వుగాదికి తిరిగొచ్చే వేళకు కూరాకుకు సరిపడా చిగురు వుంటుంది.